నీళ్లు తగలకూడని గీతలు

మా గల్లీలో ఎవరికైనా ఆ జబ్బు ఉందని తెలిస్తే మొదట అడిగే మాట ఒక్కటే: "ఎన్నాళ్లు?" నయమవుతుందా అని అడగరు. ఏం వైద్యం అని అడగరు. నా గురించీ అలాగే అడిగారు. నా ముందు కాదు, మెట్ల దగ్గరా నల్లా దగ్గరా మా ఆయనను పక్కకు పిలిచి. అలా అడిగినవాళ్లలో ఒకరిద్దరు వేరే జబ్బులతో నాకన్నా ముందే వెళ్లిపోయారు. నేనున్నాను. ఇప్పుడు ఆడవాళ్లు తలుపు ఓరగా వేసుకుని నా దగ్గర కూర్చుని, అదే మాట తమ గురించి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని రాసి పెడుతున్నాను. చదవడం రానివాళ్లకు మా పద్మ చదివి వినిపిస్తుంది.

నేనెవరో చెప్పాలి. మా తాత మేస్త్రీ. పాలమూరు నుంచి కూలీలను తీసుకొచ్చి ఈ బొంబాయిలో రాతి మేడలు లేపినవాడు. కామాఠిపురాలో మేమున్న చాల్, అంటే వరుస గదుల మేడ, ఆయన కట్టించిందే, ఒకప్పుడు ఆయనదే. మా నాన్న కాలంలో ఒక్కో అంతస్తూ చేతులు మారింది. నేను పుట్టిన చాల్లోనే ఇప్పుడు ఒక గదిలో అద్దెకుంటున్నాను. అన్నదమ్ములు లేరు కాబట్టి మా ఆయన నాగయ్య ఇల్లరికం వచ్చాడు. మున్సిపాలిటీ తెలుగు బడిలో ప్యూను. తాత నాటి సొత్తులో మాకు మిగిలినవి రెండు. ఒకటి ఆయన కూర్చున్న టేకు చేతుల కుర్చీ. రెండోది, ఆషాఢంలో ఒక ఆదివారం మా గల్లీ నుంచి అమ్మవారికి వెళ్లే మొదటి బోనం. అది మేస్త్రీ ఇంటి నుంచే లేవాలి. మా నాయనమ్మ ఎత్తింది, ఆమె పోయాక మా అమ్మ ఎత్తింది, అమ్మ పోయాక నేను. మనిషి బతికుండగా కుండ ఇంకొకరి తలకు మారదు.

1983 మాఘం

నెలసరి ఆగిపోయి రెండేళ్లు దాటాక మళ్లీ మైల కనబడింది. వేడి చేసిందనుకున్నాను. మజ్జిగ తాగాను, సబ్జా గింజలు తాగాను. ఆగింది, మళ్లీ వచ్చింది. తర్వాత నడుము నొప్పి, వాసన. వాసన నన్ను భయపెట్టింది. రోజుకు రెండుసార్లు స్నానం చేసేదాన్ని. నల్లా దగ్గర అందరికన్నా ముందు నిలబడి, అందరూ రాకముందే గుడ్డలు ఉతుక్కునేదాన్ని.

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, బయటివాళ్లకు చెప్పాలి. మా గల్లీ దాటితే ఫోరస్ రోడ్ వైపు ఆ ఇళ్లున్నాయి. తాగి దారి తప్పినవాళ్లు మా మెట్లెక్కి తలుపులు కొట్టేవారు. అందుకని కాపురాలున్న ప్రతి తలుపు మీదా పెద్ద అక్షరాలతో 'ఫ్యామిలీ' అని రంగుతో రాసుకున్నాం. మా తలుపు మీద తాత పేరున్న బోర్డు కింద ఆ మాట మరీ పెద్దగా ఉండేది. ఆ చోటుకు వచ్చే జబ్బులు ఆ ఇళ్లలోని ఆడవాళ్లవని మేమందరం నమ్మాం. నాలాంటిదానికి అటువంటిది రాదు. వచ్చిందని డాక్టరుతో చెప్పుకుంటే, ఆ బోర్డును నా చేత్తో నేనే చెరిపినట్టు. అలా మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది.

చైత్రం, వైశాఖం

నీళ్ల బిందెతో మెట్లెక్కుతూ పడిపోయాను. కళ్లు తెరిచేసరికి పద్మ ఒళ్లో తల ఉంది. మా అమ్మాయి పద్మకప్పుడు పందొమ్మిదేళ్లు. మరాఠీ బడిలో చదివింది, కోపమొస్తే సగం మరాఠీ. నా చీర చూసింది, కానీ నలుగురిలో ఏమీ అనలేదు. గదిలోకి తీసుకొచ్చి తలుపు వేశాక అడిగింది.

"ఎన్ని దినాల సంది?"

"నీకెందుకే?"

"నాకెందుకా? కమాల్ ఆహే! నువ్వు గిట్ల పడి చస్తే బోనమెవరెత్తాలె, నేనే గదా? నాకొద్దు. లే, పోదాం."

నాగ్‌పాడాలోని దవాఖానాలో లేడీ డాక్టరు చూసింది. చూస్తున్నంతసేపూ నేను పైకప్పు మీది మచ్చను చూస్తూ పడుకున్నాను. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగి వచ్చి నాతో కాదు, పద్మతో మాట్లాడింది. అప్పుడే తెలిసింది.

పెద్దాసుపత్రిలో హాలు మా చాల్ అంత పెద్దది. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మూటలతో గోడల వెంట పడుకుని ఉండేవారు. పేరు పిలిస్తే లేవాలి. పిలిచేవాడు తెలుగు పేర్లను నమిలి ఉమ్మేవాడు. నా పేరు వినబడిందో లేదోనని మా ఆయన పొద్దున్నుంచీ మునికాళ్ల మీదే నిలబడేవాడు. నేను బెంచీ మీద వీపు ఆనించకుండా కూర్చునేదాన్ని. ఆనిస్తే అక్కడిదాన్నైపోతానని భయం.

పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. జబ్బు గర్భసంచి ముఖద్వారంలో ఉంది, పక్కకు కొంత పాకింది, ఆపరేషన్ కుదరదు, కరెంటు, అంటే మిషనుతో రేడియేషన్, పెట్టాలి అంది. మా ఆయన రెండు చేతులూ కట్టుకుని నిలబడి, గల్లీ అంతా అడిగే మాటే హిందీలో అడిగాడు.

"కిత్‌నే దిన్, మేడమ్?"

ఆమె కళ్లజోడు తీసింది. ఎన్నాళ్లని తాను చెప్పలేనంది. ఎంత తొందరగా వచ్చారన్నది మొదటి సంగతి, అది మీ చేయి దాటిపోయింది. ఒంట్లో రక్తం రెండోది, అది లేకపోతే కరెంటు సరిగా పట్టదు. మూడోది మధ్యలో ఆపకపోవడం. ఆపితే జబ్బుకు ఊపిరి తీసుకునే సందు ఇచ్చినట్టే. తర్వాత కూడా పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. "చాలామంది ఆడవాళ్లు జబ్బుతో కాదు, సగంలో ఇంటికెళ్లిపోయి చనిపోతున్నారు," అంది. ఆ మాట నా వైపు చూసి చెప్పింది. అంతవరకు ఆమె నచ్చలేదు. అప్పుడు నచ్చింది.

రక్తం తక్కువగా ఉంది. మా ఆయన ఇచ్చాడు. బడిలో ఆయనతో పనిచేసే ఇంకో ప్యూను, ఎవరికన్నది అడక్కుండా వచ్చి ఇచ్చాడు. రోజూ పొద్దున మా ఆయన నాగ్‌పాడా మటన్ దుకాణానికి వెళ్లి కార్జం తెచ్చేవాడు. కొన్నాళ్లకు ఆ దుకాణదారు, ఈయన రాకముందే ఒక ముక్క ఆకులో చుట్టి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. "బీబీ కైసీ హై?" అని మాత్రం అడిగేవాడట. మాంసం వాసన నాకు గిట్టలేదు. ముక్కు మూసుకుని మింగాను. ఎవరో ముక్కు ముఖం తెలియని మనిషి రోజూ పక్కన పెట్టినదాన్ని కక్కడం మర్యాద కాదనిపించింది.

చాల్లో మాత్రం అల్సర్ అని చెప్పాం. చెప్పమన్నది నేనే.

జ్యేష్ఠం

కరెంటు మొదలుపెట్టే ముందు నా పొత్తికడుపు మీద, రెండు పక్కలా, నడుము వెనకా ఊదారంగు సిరాతో గీతలు గీశారు. మిషను ఆ గీతల మీదే గురిపెట్టాలి. గీత చెరిగితే మళ్లీ గీయాలి, కొలతలు మళ్లీ తీయాలి, ఒక్కోసారి రోజులు పడుతుంది. "పానీ నహీ లగ్‌నా. బిల్‌కుల్ నహీ," అన్నాడు మిషను గదిలో అబ్బాయి. నడుము దాకా గుడ్డతో తుడుచుకోవడమే. రోజుకు రెండుసార్లు తలమీద నీళ్లు పోసుకునే మనిషిని, కొబ్బరినూనె కూడా రాయకుండా ఉండాల్సి వచ్చింది.

మిషను గది బయట బెంచీ మీద నా పక్కన కిష్టమ్మ కూర్చునేది. మహబూబ్‌నగర్ వైపు మనిషి. మొగుడితో కలిసి కొత్తగా లేస్తున్న ఒక బిల్డింగు దగ్గర రేకుల షెడ్డులో ఉండేది. తలమీద కాంక్రీటు తట్టలు మోసేది. మొదటిరోజే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నీకు యాడ గీసిన్రక్కా?"

నేను కొంగు నడుము మీదికి లాక్కున్నాను.

"సిగ్గువడ్తున్నవా? లోపల అందరిదీ ఒకటే కథ. ఏ ఊరు మనది?"

"మాది ఇక్కడే. కామాఠిపురా. మేస్త్రీ ఇల్లు."

"ఓహో, మేస్త్రీలా! అందుకేనా గట్ల గుంజ లెక్క కూసున్నవు?" అని నవ్వి, కొంగుముడి విప్పి గుప్పెడు పేలాలు నా చేతిలో పోసింది. వద్దనే సందు ఇవ్వలేదు. మా తాత దగ్గర ఇలాంటి కూలీ ఆడవాళ్లు ఎందరో పనిచేశారు. వాళ్లలో ఒకరి పక్కన కూర్చుని పేలాలు తినడం నాకు అదే మొదలు.

ఆమెకు భయం లేదు. కరెంటు పెట్టుకుని వచ్చి, "ఏం దెల్వదక్కా, ఫోటో దిగినట్టే," అనేది. నాకు నీళ్లవిరేచనాలు పట్టుకుంటే గంజిలో జీలకర్ర వేసుకోమని చెప్పింది. రోజూ ఇంత హుషారుగా ఉండే మనిషి ఒక సోమవారం నడుము పట్టుకుని వంగి వచ్చింది. లోపలికి వెళ్లిన కాసేపటికే మిషను అబ్బాయి అరుపులు బయటికి వినబడ్డాయి. ఆమె బయటికొచ్చి నా పక్కన కూలబడింది.

"ఏమైంది?"

"గీతలు పోయినయక్కా."

ఆదివారం షెడ్డు దగ్గర స్నానానికి చాటు లేక, తోటి ఆడవాళ్లు ఆమెకు చీర అడ్డం పట్టారు. పట్టినవాళ్ల కళ్లు ఆమె కడుపు మీది గీతల మీద పడ్డాయి. ఊదారంగు, నలుపక్కలా, ముగ్గులా. ఎవరో బాణామతి చేశారన్నారు. పాలమూరు నుంచి వచ్చినవాళ్లకు ఆ భయం ఎంతటిదో నాకు తెలుసు.

"దవాఖానోళ్లు గీసిన్రని మొత్తుకున్న అక్కా. 'దవాఖానోళ్లైతే మందిస్తరు, సూది ఏస్తరు, ఒంటిమీద ముగ్గులెందుకేస్తరే పిచ్చిదానా' అన్నరు. బూడిద, పసుపు, యాపాకు నూరి ఇద్దరు పట్టుకున్నరు, ఒకామె తోమింది. చర్మం లేచేదాంక తోమింది. ఏడ్సుకుంట తోమింది పాపం, నేను బతకాల్నని."

చర్మం మండిపోయింది. అది మానేదాకా గీతలు మళ్లీ గీయరు. గీసేదాకా కరెంటు లేదు. "గప్పటిదాంక ఈడేం జేయాలె? ఊర్ల వానలు వడ్డయట, ఇంత విత్తనం పెట్టొస్త," అంది.

"పోకు," అన్నాను. "సందు ఇవ్వొద్దని చెప్పింది డాక్టరమ్మ."

"సందేంది, నాలుగు దినాలే గద! నువ్వీడనే ఉంటవు గద, నా జాగ పట్టు," అని తన సంచి ఉండే చోటు చేత్తో తట్టి చూపించి వెళ్లింది.

నేను ఆ జాగా పట్టాను. నా సంచి అక్కడ పెట్టి కూర్చునేదాన్ని. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఒకరోజు ఎవరో అమ్మాయి వచ్చి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆషాఢం

బోనాలు దగ్గరపడ్డాయి. నా కరెంటు ఇంకా పూర్తి కాలేదు.

మా గల్లీలో మొదటి బోనం ఎత్తే మనిషికి ఒక పద్ధతుంది. ఆ పొద్దున ఆమె చాల్ నడుమ వాకిట్లో పీట మీద కూర్చోవాలి. పసుపు, వేపాకు కలిపిన నీళ్లు ప్రతి ఇంటి నుంచీ ఒక చెంబు తెచ్చి ఆమె తలమీద పోస్తారు. ఏ ఇంటి చెంబు వద్దంటే ఆ ఇంటిని వద్దన్నట్టు. మా అమ్మకు ఒకసారి జ్వరమున్నా పోశారు, వణుకుతూనే పోయించుకుంది. అంటే నేను జ్వరమని తప్పించుకోలేను. అల్సర్ అంటే అసలే లెక్కచేయరు.

"నేను పొయ్యి చెప్తా," అంది పద్మ.

"చెప్పితే కాళ్లిరగ్గొడ్తా."

"మరేం జేస్తవ్? కిష్టమ్మ లెక్క అయితవా?"

"కుండ నువ్వెత్తు."

"నువ్వు బతికుండంగ నేనెత్తితే ఏమనుకుంటరు? నువ్వు సచ్చినట్టేనా? నాహీ. మీ నాహీ ఉచల్‌ణార్, నేనెత్త." ఏడుస్తూ గోడవైపు తిరిగింది. మా ఆయనేమో తాత కుర్చీని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. తుడవడానికి దానిమీద ఏమీ లేదు.

ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది. నేను ఏం చేయాలో తేల్చుకోకుండానే మెట్లు దిగాను. తేల్చుకోకుండా ఏ పనీ చేసినదాన్ని కాదు. వాకిట్లో పీట వేసి ఉంది. ఆడవాళ్లందరూ చెంబులతో నిలబడ్డారు. డప్పులవాళ్లు గల్లీ మొగలో డప్పు చర్మాలు కాస్తున్నారు. మొదటి చెంబు బాలమ్మవ్వది. చాల్లో అందరికన్నా పెద్దది, మా అమ్మకూ నాకూ కూడా మొదటి చెంబు పోసిన చెయ్యి.

"కూసో బిడ్డా," అని చెంబెత్తింది.

నేను కూర్చోలేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"పొయ్యకవ్వా."

చెంబులో నీళ్లు తొణికి ఆమె చేతిమీద పడ్డాయి. 

"ఏందే?" అంది అవ్వ.

"నాకు నీళ్లు తగలొద్దు."

రెండో అంతస్తు ఈశ్వరమ్మ ముందుకొచ్చింది. వాళ్ల మామ మా తాత కింద పనిచేసినవాడు. మొదటి బోనం మీద వాళ్ల కన్ను ఎప్పటినుంచో ఉంది. "ఏంది వదినె, అల్సర్ అంటివి గద? అల్సర్ కడుపుల ఉంటది, నెత్తిమీద నీళ్లు పోస్తే లోపటికి పోతయా?"

కొందరు నవ్వారు. నవ్వు నాకు మేలు చేసింది. భయం పోయి కోపం వచ్చింది.

"అల్సర్ కాదు. క్యాన్సర్. గర్భసంచి మొగానికి. పెద్దాస్పత్రిల కరెంటు పెడ్తున్నరు."

వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు: "గది ఆ గల్లీలోళ్లకు అచ్చేది గాదె?"

నేను అటు చూడలేదు. చూస్తే ఎవరన్నారో తెలిసేది, ఇవాళ్టికీ వాళ్లతో మాట్లాడేదాన్ని కాదు. మగవాళ్లు గల్లీ మొగలో ఉన్నారని చూసుకుని, నడుము దగ్గర చీర కుచ్చెళ్లు సడలించి గీతలు చూపించాను. మా తాత కట్టిన వాకిట్లో, పగటి వెలుతురులో.

"బాణామతి!" అని ఒకామె చెంబు కింద పెట్టేసింది. రెండు మూడు అడుగులు వెనక్కి వేశారు.

"బాణామతి గాదు," అన్నాను. "దవాఖానోళ్ల గీతలు. ఈ గీతల మీదనే మిషను వెడ్తరు. నా పక్కన కిష్టమ్మని ఒకామె ఉండె. ఆమెకూ గిట్లనే గీసిన్రు. బాణామతని తోటోళ్లు తోమి తీసిన్రు. కరెంటు ఆగింది. మనిషి మళ్ల రాలే. ఇయ్యాల మీరు పోస్తే నాది కూడ ఆగుతది. పోస్తరా, పొయ్యిన్రి." అని పీట మీద కూర్చున్నాను. వీపు నిటారుగానే ఉంచాను.

 బాలమ్మవ్వ వంగి, కళ్లు చికిలించి ఆ గీతలను చాలాసేపు చూసింది. వేలు దగ్గరికి తెచ్చి, తాకకుండా ఆపింది.

"సక్కగనే గీసిండు," అంది. తర్వాత నిలబడి అందరి వైపు తిరిగింది. "పసుపు వెట్టి, బొట్లు వెట్టి, పట్టెలు తీసినంక బోనం కుండను మల్ల నీళ్లల్ల ముంచుతరే ఎవలన్న? ముంచుతరా ఈశ్వరమ్మా?"

"ముంచరవ్వా."

"ఇది గూడ గంతే. కాళ్లమీద పొయ్యిన్రి, చాలు."

మొదటి చెంబు నా పాదాల మీద పోసింది. ఒక్కొక్కరే వచ్చారు. చెంబు కింద పెట్టేసినావిడ కూడా తిరిగి తీసుకుని వచ్చింది, ఆఖరున. నా చీర అంచు తడవకుండా పద్మ రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

కానీ అవ్వ అక్కడితో ఆపలేదు. "నెత్తిమీద నీళ్లు వడని ఇంటి బోనం ముంగట నడవదు. అది గూడ పద్ధతే. ఈ యేడు ఈశ్వరమ్మది ముంగట. నీది ఎన్క. కుండ నీ బిడ్డ నెత్తిమీద, దానిమీద చెయ్యి నీది. నువ్వు బతికే ఉన్నవని అమ్మవారికి చెయ్యి జూస్తె తెలుస్తది."

నేను ఎదురు చెప్పబోయాను. మా నాయనమ్మ, మా అమ్మ అందరూ గొంతులోకి వచ్చారు. నోరు మూసుకున్నాను. ఆ రోజు మూడు తరాలలో మొదటిసారి మేస్త్రీ ఇంటి బోనం రెండోదిగా నడిచింది. దారంతా నా చెయ్యి కుండ మీదే ఉంది. చినుకులు మొదలైతే మా ఆయన నా నడుముకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, గొడుగు పట్టుకుని వెనక నడిచాడు. డప్పులవాళ్లు అది చూసి నవ్వారు. నవ్వనీ అన్నాడు.

ఆషాఢం చివర

రెండు రోజులు తెరిపి లేని వాన. పొద్దున లేచి చూస్తే గల్లీ లేదు, మురికినీళ్లే. నడుము లోతు. బస్సులు నాగ్‌పాడా పెద్ద రోడ్డు దాకా వస్తున్నాయని ఎవరో అన్నారు. అక్కడిదాకా వెళ్లడమెలా? నీళ్లలో దిగితే గీతలు పోతాయి. దిగకపోతే సందు పడుతుంది. కరెంటు అయిపోవడానికి ఇంకొన్ని రోజులే మిగిలాయి. కిష్టమ్మ మాట గుర్తుకొచ్చింది: నాలుగు దినాలే గద.

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద నుంచి ఈశ్వరమ్మ గొంతు.

"వదినే! ఇయ్యాల దవాఖానకు పోవా?"

"ఎట్ల పోవాలె?"

"మీ తాత కుర్చీ ఉంది గద!"

ఆమె మొగుడు, ఆమె ఇద్దరు కొడుకులు, మా ఆయన. నలుగురూ నాలుగు కాళ్లు పట్టుకుని తాత కుర్చీని భుజాల మీదికెత్తారు. నేను దానిమీద కూర్చున్నాను, ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని. ప్రతి అంతస్తు నుంచీ జనం చూస్తున్నారు. ఈశ్వరమ్మ వరండా లోంచి అరిచింది: "వీళ్ల తాతను మా మామ మోసిండు, మనుమరాలిని మా కొడుకులు మోస్తున్నరు! మేస్త్రీల రాత మారదు గదనే!" చాల్ అంతా నవ్వింది. కుర్చీ మోసేవాళ్లు నవ్వితే కుర్చీ ఊగింది. "నవ్వకున్రి, పడేస్తరు," అని కసిరాను.

ఫోరస్ రోడ్ మలుపు దగ్గర నీళ్లు ఇంకా లోతు. ఆ ఇళ్లలో ఒకదాని మెట్ల మీద నిలబడ్డ ఒకామె మమ్మల్ని చూసి, చేతికర్రతో నీళ్లలో గుచ్చి, "ఇధర్ సే నహీ, గడ్ఢా హై! ఉధర్ సే!" అని గుంట తప్పించి దారి చూపించింది. మేము వెళ్లేదాకా కర్ర అక్కడే పట్టుకుని నిలబడింది. ఆమెను చూసి తల వంచాను. ఆ గడపలవైపు తల తిప్పి చూడటం నా జన్మలో అదే మొదలు.

అల్సర్ అన్న మాట మీదే ఉండి ఉంటే, ఆ పొద్దున ఎవరూ నా కిటికీ కింద నిలబడి అడిగేవారు కాదు. నేను తలుపు వేసుకుని ఇంట్లో ఉండిపోయేదాన్ని. మర్నాడూ ఉండిపోయేదాన్ని. నా ఆయుష్షు ఎక్కడ పెరిగిందని ఎవరైనా అడిగితే, నేను మిషను గది పేరు చెప్పి, దాని తర్వాత మా వాకిలి పేరు చెబుతాను.

శ్రావణం, ఆ తర్వాత

బయటి కరెంటు అయ్యాక లోపలి మందు, గర్భసంచిలోకి రేడియేషన్ గొట్టాలు, పెట్టారు. ఒంటరి గదిలో, కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. ఎవరూ దగ్గరికి రాకూడదు. పద్మ తలుపు అవతల నేల మీద కూర్చుని, గల్లీలో ఎవరెవరు ఏమన్నారో గట్టిగా చెబుతూనే ఉండేది. సగం అబద్ధాలని నాకు తెలుసు. గొంతు వినబడితే చాలు.

ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యమేసిన రోజులున్నాయి. మా ఆయన మీద కారణం లేకుండా విరుచుకుపడ్డ రోజులున్నాయి. తిన్నది నిలవక, ఒంట్లో శక్తి లేక, చచ్చినా బాగుండేదనుకున్న రోజులున్నాయి. ఈ జబ్బుతో ఉన్నవాళ్లు ఆ రోజులను చూసి బెదరకూడదు. అవి జబ్బు కాదు, వైద్యం అలసట. తగ్గుతుంది. పూర్తిగా తగ్గదు, బతకడానికి సరిపడా తగ్గుతుంది.

మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు హాల్లో కిష్టమ్మ మొగుడు కనబడ్డాడు. ఒక్కడే, ఆమె దవాఖానా కాగితాల కోసం వచ్చాడు, చేతిలో ఆమె సంచి. విత్తనాలు పెట్టాక నొప్పి లేదని ఆమె రానందట. కలుపు తీశాక వద్దామందట. తీసుకొచ్చేసరికి డాక్టరమ్మ చూసి, ఇక కరెంటు పెట్టి లాభం లేదని నొప్పి మాత్రలు రాసిచ్చిందట. "మొన్ననే పోయిందమ్మా," అన్నాడు. "మీ పక్కనే కూసునేది గదా. మీరెట్లున్నరమ్మా?"  ఆయన సంచిలోంచి పేలాల పొట్లం తీసి నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఎవరికోసం తెచ్చుకున్నాడో తెలియదు.

ఆమెకూ నాకూ జబ్బు ఒకటే, బెంచీ ఒకటే, గీతల రంగు ఒకటే. నా ఇంటి పేరు నన్ను కాపాడలేదు. ఆమె మంచితనం ఆమెను కాపాడలేదు. నన్ను చూసి నేర్చుకోమని చెప్పను. మైల మళ్లీ కనబడితే, వాసన వస్తే, మీ తలుపు మీద ఏం రాసి ఉన్నా సరే, వెళ్లి చూపించుకోండి. మొదలుపెట్టాక ఆపకండి. ఇంట్లోవాళ్లకు, వాకిట్లోవాళ్లకు జబ్బు పేరు సరిగ్గా చెప్పండి. పేరు చెప్పకపోతే ప్రేమతోనే మిమ్మల్ని తోమేస్తారు.

ఏళ్లు గడిచాయి. మొదట రెండు నెలలకు, తర్వాత ఆరు నెలలకు చూపించుకుంటూ వచ్చాను. ఒకసారి ముందు నడిచిన ఇంటిని వెనక్కి పంపకూడదన్నారు, మొదటి బోనం మళ్లీ మా ఇంటికి రాలేదు. ఈశ్వరమ్మ వాళ్లదే ముందు, మాది రెండోది, కుండ పద్మ తలమీద, చెయ్యి నాది. రెండోదిగా నడవడం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఈమధ్య వెళ్లినప్పుడు డాక్టరమ్మ అన్నీ చూసి, ఇక ఏడాదికోసారి వస్తే చాలంది. ఆమెకు జుట్టు నెరిసింది. మా ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఈసారి ఏమీ అడగలేదు. అన్నేళ్లలో ఒక్కసారీ అడగని మాట నేనే అడిగాను.

"కిత్‌నే దిన్, మేడమ్?"

ఆమె రాస్తూ తలెత్తి నా ముఖం చూసింది. మళ్లీ వంగి, వచ్చే ఏడు రావలసిన తేదీ రాసింది. "పెహ్‌లే ఇస్ దిన్ ఆ జానా," అంది, ముందు ఈ రోజుకు రమ్మని.

కాగితం తీసుకుని చూశాను. ఆషాఢంలో పడింది, ఆదివారం మర్నాడు. వెనక్కి ఇచ్చాను.

"ఇంకో వారం తర్వాతకు జరపండి," అన్నాను. "ఆ రోజుల్లో మాకు బోనాలు."